హాలోవీన్ భోజనం: ఐదింటికి ఒక విడత, ఎనిమిదిన్నరకి ఇంకో విడత

హాలోవీన్ వంటకి ముందుగా చూసుకోవాల్సింది మీ ఊళ్లో పొద్దు గూకే వేళ. అక్టోబరు 31న న్యూజెర్సీలో ఆరింటికి కాస్త ముందే చీకటి మొదలవుతుంది. డల్లాస్‌లో ఆరున్నర దాటుతుంది. డబ్లిన్‌లో అయితే అప్పటికే గడియారాలు గంట వెనక్కి తిప్పేసి ఉంటారు కాబట్టి ఐదింటికల్లా సూర్యాస్తమయం. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ క్యాండీ అడగడానికి వీధిలోకి వెళ్లేది ఆ వేళకి కాస్త ముందూ వెనకా. ఒకసారి బయటపడ్డాక మళ్లీ చేతిలో క్యాండీ సంచితోనే గుమ్మం ఎక్కుతారు. ఆ సంచి చూశాక ఏ పిల్లాడికీ అన్నం సహించదు. కాబట్టి అసలు భోజనం ఐదింటికి, వేషాలు వేసుకోకముందే అయిపోవాలి. తిరిగొచ్చాక వేడిగా తాగడానికీ కొరకడానికీ తేలికైనవి చాలు.

చాలా ఇళ్లలో ఇది తారుమారు అవుతుంది. పుర్రె ఆకారం పిజ్జాలు, వేళ్ల ఆకారం బిస్కెట్లు చేయడానికి మధ్యాహ్నమంతా పోయి, ఐదింటికి పెట్టడానికి అసలైన తిండి ఏదీ ఉండదు. కానీ ఈ పండగకి తనదంటూ ఒక పాత వంటిల్లు ఉంది. ఐర్లండ్‌లో నవంబరు 1 సర్వ పునీతుల పండగ. దాని ముందు రోజు క్యాథలిక్ ఇళ్లలో చాలాకాలం మాంసం ముట్టేవాళ్లు కాదు. అందుకే హాలోవీన్ రాత్రి అక్కడి బల్ల మీద బంగాళదుంపలు, కేల్ అనే ఆకుకూర లేదా క్యాబేజీ, వెన్న, ఆపిల్స్, ఎండుద్రాక్షల బ్రెడ్ కనిపించేవి. పూర్తిగా శాకాహారం, చవక, కడుపు నింపేవి, ముందురోజే సగం పని తెమిలిపోయేవి. మన ఇళ్లకి ఇంతకంటే సరిపోయే పట్టిక దొరకదు.

ఇక్కడి కొలతలన్నీ నలుగురు పెద్దలు, నలుగురు పిల్లలకి. ఐదింటికి కోల్‌కానన్ (కేల్ కలిపి మెదిపిన బంగాళదుంపలు), ఉడికించిన శనగలు, క్యాప్సికంలో నిమ్మకాయ పులిహోర. ఎనిమిదిన్నరకి గుమ్మడికాయ సూప్, బార్మ్‌బ్రాక్ (ఎండుద్రాక్షల బ్రెడ్), ఓవెన్‌లో కాల్చిన ఆపిల్స్. పని మొదలయ్యేది 29 రాత్రి.

ఆ రాత్రి చేసేది ఒక్కటే, బార్మ్‌బ్రాక్ కోసం ఎండుద్రాక్ష నానబెట్టడం. ఈస్టుతో చేసే రకం కూడా ఉంది కానీ, ఇంట్లో చేసుకోవడానికి టీలో నానబెట్టి చేసేదే సులువు. 300 మి.లీ. మరిగే నీళ్లలో రెండు టీ బ్యాగులు ఐదు నిమిషాలు ఉంచి తీసేయండి. పాలు వద్దు. ఆ వేడి డికాక్షన్‌ని 350 గ్రాముల ఎండు పళ్ల మీద పోసి, 150 గ్రాముల బ్రౌన్ షుగర్ కలిపి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. నల్ల కిస్మిస్, తెల్ల కిస్మిస్, సన్నగా తరిగిన ఖర్జూరం ఏవైనా కలుపుకోవచ్చు. నానడానికి రెండు గంటలు చాలనుకుంటే తప్పు. సరిగ్గా నానని ద్రాక్ష ఓవెన్‌లో చుట్టూ ఉన్న పిండిలోని తడిని లాగేసుకుంటుంది. బ్రెడ్ మర్నాటికే పొడిపొడిగా రాలుతుంది.

30న ఆ గిన్నెలోనే, మిగిలిన టీ వంపకుండా, ఒక గుడ్డు కొట్టి కలపండి. గుడ్డు తిననివాళ్లు నాలుగు టేబుల్‌స్పూన్ల గట్టి పెరుగు వేసుకోవచ్చు. తర్వాత 275 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ (బేకింగ్ పౌడర్ ముందే కలిపిన మైదా), పావు టీస్పూను దాల్చినచెక్క పొడి, చిటికెడు జాజికాయ, చిటికెడు లవంగాల పొడి. ఆ పిండి లేకపోతే 275 గ్రాముల మైదాకి మూడుంపావు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూను ఉప్పు. పొడి పిండి కనిపించకుండా పోయేవరకే గరిటెతో కలిపి ఆపేయాలి. అంతకు మించి కలిపితే బ్రెడ్ సాగుతుంది. పిండి గరిటె నుంచి మెల్లగా జారేంత గట్టిగా ఉండాలి. తొమ్మిది అంగుళాల లోఫ్ ట్రేలో బేకింగ్ పేపర్ పరిచి పోసి, 160 డిగ్రీల సెల్సియస్ (325 ఫారెన్‌హీట్) దగ్గర 70 నుంచి 80 నిమిషాలు. పెరుగు వేస్తే ఇంకో ఐదు నిమిషాలు పట్టొచ్చు. పంచదార ఎక్కువ కాబట్టి పైభాగం త్వరగా నల్లబడుతుంది. 45 నిమిషాలకి పైన ఫాయిల్ వదులుగా కప్పండి, అంతకుముందు మాత్రం ఓవెన్ తలుపు తీయొద్దు. మధ్యలో కుంగిపోయిందంటే తలుపు తొందరగా తీసి ఉంటారు, లేదా బేకింగ్ పౌడర్ పాతదై ఉంటుంది. పుల్ల గుచ్చి చూసేటప్పుడు ద్రాక్షకి తగిలితే తడిగానే వస్తుంది, ఇంకో చోట గుచ్చి చూసుకోండి. చల్లారాక పేపర్లో చుట్టి మర్నాటికి ఉంచాలి. వేడి మీద కోస్తే ముక్క నిలవదు.

బార్మ్‌బ్రాక్‌లో వస్తువులు దాచడం దీని అసలు సరదా. ఉంగరం వచ్చినవాళ్లకి ఏడాదిలో పెళ్లి, నాణెం వస్తే డబ్బు, గుడ్డపేలిక వస్తే పేదరికం, బఠానీ గింజ వస్తే ఆ ఏడాది పెళ్లి లేదు, పుల్ల వస్తే మొగుడూ పెళ్లాల కీచులాట. ఐర్లండ్ దుకాణాల్లో ఇప్పటికీ ఉంగరం పెట్టి అమ్ముతారు. ఇంట్లో పెద్దవాళ్లే ఉంటే ఉంగరాన్ని బేకింగ్ పేపర్లో మడిచి, బ్రెడ్ చల్లారాక అడుగున చిన్న గాటు పెట్టి లోపలికి తోయండి, కోసే ముందు అందరికీ చెప్పండి. చిన్న పిల్లలుంటే బ్రెడ్‌లో ఏమీ పెట్టొద్దు, గొంతులో అడ్డం పడుతుంది. దానికి బదులు ఉంగరం, నాణెం బొమ్మలు చీటీల మీద గీసి పళ్లేల అడుగున అంటించండి. ముక్క తినడం అయ్యాక పళ్లెం తిప్పి చూసుకుంటారు. పేదరికం, కీచులాట చీటీలు పిల్లల పళ్లేలకి వద్దు.

బ్రెడ్ ఓవెన్‌లోంచి దిగగానే వేడి 200 డిగ్రీలకి (400 ఫారెన్‌హీట్) పెంచి గుమ్మడికాయలు పెట్టేయండి. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. గుమ్మం ముందు ముఖం చెక్కి దీపం పెట్టే పెద్ద కాయ వంటకి పనికొచ్చేది కాదు. చెక్కడానికి సులువుగా ఉండాలని పలచని గోడతో, పీచుతో, నీళ్లతో పెరిగే రకమది. సూప్ చేస్తే చప్పగా, దారాలు దారాలుగా వస్తుంది. పైగా చెక్కి, దీపం వెలిగించి, గంటలకొద్దీ బయట పెట్టిన కాయలో సూక్ష్మజీవులు చేరతాయి, దాన్ని వండకూడదు. వంటకి షుగర్ పంప్‌కిన్ లేదా పై పంప్‌కిన్ (pie pumpkin) అని అమ్మే చిన్న కాయలు తీసుకోండి. ఒక్కోటి కిలో నుంచి కిలోన్నర ఉంటుంది. రెండు కాయలు మనకి సరిపోతాయి. అవి దొరక్కపోతే బటర్‌నట్ స్క్వాష్, ఇంకా చిక్కగా కావాలంటే కబోచా అనే జపాన్ గుమ్మడి. ఇండియన్ స్టోర్లో కోసి అమ్మే గుమ్మడి ముక్కలు కూడా బాగానే ఉంటాయి, కాకపోతే వాటిలో నీరు ఎక్కువ. ట్రేలో పరిచి కాల్చడం తప్పనిసరి, నేరుగా ఉడకబెట్టొద్దు. డబ్బా గుజ్జు కొంటే దాని మీద ఉత్త గుమ్మడి అని ఉందో లేదో చూడండి. పై ఫిల్లింగ్ (pie filling) అని ఉన్నదాంట్లో పంచదార, మసాలా ముందే కలిపి ఉంటాయి, దానితో సూప్ చేయలేం.

కాయ గట్టిగా ఉండి కత్తి జారుతుంటే, నాలుగైదు చోట్ల గుచ్చి మైక్రోవేవ్‌లో మూడు నిమిషాలు ఉంచండి. తొడిమ పక్క నుంచి కోస్తూ రెండు చెక్కలు చేసి, గింజలు తీసి, లోపలి వైపు కొంచెం నూనె రాసి, కోసిన వైపు కిందికి ఉండేలా ట్రేలో బోర్లించండి. 45 నిమిషాల నుంచి గంట. తొక్క మీద వేలితో నొక్కితే సొట్ట పడాలి. గుజ్జు చెంచాతో తీసి, జల్లెడలో పది నిమిషాలు వదిలితే అదనపు నీరు కారిపోతుంది.

సూప్‌కి ఆ గుజ్జు సుమారు కిలో పైచిలుకు వస్తుంది. మందపాటి గిన్నెలో రెండు టేబుల్‌స్పూన్ల నెయ్యి, ఒక పెద్ద ఉల్లిపాయ, రెండు అంగుళాల అల్లం ముక్క తరిగి, రంగు మారకుండా పది నిమిషాలు మగ్గించండి. టీస్పూను జీలకర్ర పొడి, అర టీస్పూను మిరియాల పొడి, టీస్పూనున్నర ఉప్పు, గుజ్జు, లీటరు నీళ్లు. పావుగంట ఉడికాక హ్యాండ్ బ్లెండర్‌తో మెత్తగా చేయండి. మామూలు మిక్సీ అయితే చల్లారనిచ్చి, జార్‌లో మూడోవంతుకి మించకుండా పోసి తిప్పాలి. వేడి మీద మూత బిగిస్తే లోపలి ఆవిరి మూతని ఎగదన్నుతుంది, చేతులూ ముఖమూ కాలతాయి. ఇక్కడితో ఆపి ఫ్రిజ్‌లో పెట్టేయండి. 31 రాత్రి వేడి చేసేటప్పుడు 200 మి.లీ. కొబ్బరిపాలు సన్నటి సెగ మీద కలపాలి, పోశాక మరగనిస్తే విరుగుతాయి. చివర్లో దించాక టేబుల్‌స్పూను నిమ్మరసం. ఇది లేకపోతే సూప్ ఉత్త తీపిగా, రెండు గుక్కలకే మొహం మొత్తేలా ఉంటుంది. మన గుమ్మడికాయ దప్పళంలో చింతపండు చేసే పని ఇక్కడ నిమ్మకాయ చేస్తుంది. రుచి చూసి ఉప్పు ఎప్పుడూ నిమ్మరసం తర్వాతే సరిచేయండి.

గింజలు పారేయొద్దు. పీచు వదిలించి, ఉప్పు నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టి, కొంచెం నూనె, కారం పట్టించి 160 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు. మధ్యలో ఒకసారి కదపండి. తడి ఉండగా పెడితే కరకరలాడవు, నమిలినకొద్దీ తోలులా సాగుతాయి. చెక్కే పెద్ద కాయ గింజలు కూడా దీనికి చక్కగా పనికొస్తాయి, చెక్కిన వెంటనే తీసుకుంటే చాలు.

అదే రాత్రి 300 గ్రాముల కాబూలీ శనగలు నానబోయండి.

ఇక 31. ఈ భోజనానికి ప్రాణం కోల్‌కానన్. చేసే తీరు తెలిస్తే ఇంత రుచి ఇంత కొద్ది సరుకుతో ఎలా వచ్చిందా అనిపిస్తుంది, తెలియకపోతే జిగురు ముద్ద. సరుకు ఇది: కిలోన్నర బంగాళదుంపలు, 350 గ్రాముల కేల్, ఎనిమిది ఉల్లికాడలు, 300 మి.లీ. పాలు, 120 గ్రాముల వెన్న, ఉప్పు. దుంపల ఎంపికే సగం వంట. అమెరికాలో రస్సెట్, ఐర్లండ్‌లో రూస్టర్ లేదా కెర్స్ పింక్, ఇంగ్లండ్‌లో మారిస్ పైపర్ లాంటి పిండి దుంపలు కావాలి. యూకాన్ గోల్డ్ పర్వాలేదు. ఎర్ర తొక్కతో నున్నగా ఉండే చిన్న కొత్త దుంపలు మాత్రం వద్దు. అవి ముక్క విరగకుండా కూరకి బాగుంటాయి కానీ మెదిపితే సాగుతాయి.

తొక్క తీసి, అన్నీ ఒకే సైజు పెద్ద ముక్కలు చేసి, చన్నీళ్లలో వేసి, ఒక టేబుల్‌స్పూను ఉప్పు కలిపి పొయ్యి మీద పెట్టండి. మరుగుతున్న నీళ్లలో వేస్తే పైన చిదికిపోయి లోపల పచ్చిగా మిగులుతాయి. మరగడం మొదలయ్యాక పదిహేను ఇరవై నిమిషాల్లో కత్తి సులువుగా దిగుతుంది. కుక్కర్లో కూతలు పెట్టడం దీనికి సరిపోదు, ముక్క నీళ్లు పీల్చుకుంటుంది. నీళ్లు వార్చేసి, ఖాళీ వేడి గిన్నెలోనే దుంపల్ని తిరిగి వేసి, శుభ్రమైన గుడ్డ కప్పి ఐదు నిమిషాలు వదిలేయండి. ఆవిరి పోయి ముక్కల అంచులు తెల్లగా పిండిపిండిగా కనిపించాలి. ఈ ఐదు నిమిషాలు దాటవేస్తే ఎంత వెన్న వేసినా నీళ్ల రుచే.

దుంపలు ఉడికేలోపు కేల్ ఆకుల మధ్య ఈనె చీరేసి, ఉప్పు నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉడికించి, చన్నీళ్లలో వేసి తీసి, గుప్పిట్లో పెట్టి గట్టిగా పిండండి. పిండిన తర్వాతే సన్నగా తరగాలి. పిండకపోతే వడ్డించిన కాసేపటికి పళ్లెంలో పచ్చనీళ్లు ఊరతాయి. కేల్ చేదు పడనివాళ్లు సవాయ్ క్యాబేజీ వాడుకోవచ్చు. ఇంకో చిన్న గిన్నెలో పాలు, తరిగిన ఉల్లికాడలు కలిపి నాలుగు నిమిషాలు సన్నగా మరిగించి వేడిగా ఉంచండి.

మెదపడం చేత్తోనే. మిక్సీ, ఫుడ్ ప్రాసెసర్, హ్యాండ్ బ్లెండర్ ఏదీ దగ్గరికి రానివ్వొద్దు. బ్లేడు దుంపలోని కణాల్ని చీల్చి గంజి బయటికి తెస్తుంది, జిగురు అక్కడే పుడుతుంది, దాన్ని తర్వాత బాగుచేసే దారి లేదు. ముందు 80 గ్రాముల వెన్న వేసి మెదపండి, ఆ కొవ్వు గంజికి పూతలా పట్టుకుంటుంది. ఆ తర్వాతే వేడి పాలు మూడు విడతలుగా. చల్లటి పాలు పోస్తే ముద్ద గట్టిపడి ఉండలు కడుతుంది. చివర్లో కేల్ వేసి గరిటెతో మడిచినట్టు కలిపి, ఉప్పు, మిరియాలు చూసుకోండి. పళ్లెంలో గుట్టలా పెట్టి మధ్యలో గుంట చేసి మిగతా వెన్న అందులో వేయాలి. అది కరిగి చెరువులా నిలుస్తుంది, ప్రతి ముద్దనీ అంచు నుంచి తీసి ఆ వెన్నలో అద్దుకుని తినడం అక్కడి పద్ధతి. కారం లేనిదే తినలేని పెద్దలకి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో నేతి పోపు విడిగా ఒక గిన్నెలో పెట్టండి. మొత్తం కోల్‌కానన్‌లో మాత్రం కలిపేయొద్దు, పాలు, ఉల్లికాడల మెత్తని రుచి దాని కింద పడిపోతుంది.

కొన్నేళ్లు హాలోవీన్ కార్తీకంలో పడుతుంది, 2025లో అలాగే పడింది. 2024లో ఏకంగా దీపావళి రోజే వచ్చింది. 2026లో దీపావళి నవంబరు 8 కాబట్టి ఆ చిక్కు లేదు. ఉల్లి, వెల్లుల్లి మానేసే నెలలో అయితే పాలల్లో ఉల్లికాడలకి బదులు టీస్పూను తురిమిన అల్లం, చిటికెడు ఇంగువ వేసి మరిగించండి. సూప్‌లో ఉల్లిపాయ తీసేసి ఒక ఆపిల్ తరిగి మగ్గిస్తే చిక్కదనం తగ్గదు.

ఆకారాల ముచ్చట ఒక్క వంటకంలో తీర్చేసుకుంటే చాలు, అందుకు క్యాప్సికం చక్కగా కుదురుతుంది. పిల్లలకి నాలుగు నారింజ రంగు క్యాప్సికంలు, అడుగు చదునుగా ఉండి నిలబడేవి ఏరుకోండి. పైన మూతలా కోసి గింజలు తీసి, చిన్న కత్తితో కళ్లు, నోరు చెక్కాలి. నోరు అడుగు నుంచి కనీసం రెండు సెంటీమీటర్లు పైకి ఉండాలి, లేకపోతే నింపగానే చీలుతుంది. ఖాళీగానే 200 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు కాల్చి, లోపల చేరిన నీళ్లు వంచేయండి. ఎక్కువసేపు ఉంచితే ముఖం వాలిపోతుంది. రెండు కప్పుల సోనా మసూరితో పొడిపొడిగా అన్నం వండి నిమ్మకాయ పులిహోర కలపండి. మూడు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం స్టవ్ ఆపాకే పోయాలి, పోపులో మరిగితే చేదెక్కుతుంది. ఆ పసుపు రంగు కళ్లలోంచి కనబడుతుంటే లోపల దీపం పెట్టినట్టే ఉంటుంది. మిగిలిన పులిహోర పెద్దలకి.

నల్ల రంగు కోసం యాక్టివేటెడ్ చార్‌కోల్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) పొడి కలపమని చెప్పే వంటకాలు చాలా తిరుగుతున్నాయి. అది మందుల్ని కూడా పీల్చేసుకుంటుంది. ఇంట్లో బీపీ, థైరాయిడ్ మాత్రలు వేసుకునే అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటే వాళ్లకి ఆ తిండి పెట్టడం ప్రమాదం. నల్ల నువ్వులు, నల్ల బియ్యం ఉండగా అది అక్కర్లేదు. పొగలు రావడానికి డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) తెస్తే తాగే గ్లాసుల్లో ముక్క వేయకండి. దాని వేడిమి సున్నాకి 78 డిగ్రీలు కింద, నోట్లోకి వెళ్తే కణజాలం చచ్చిపోతుంది. పెద్ద గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, డ్రై ఐస్ వేసి, దాని మధ్యలో పానీయం ఉన్న చిన్న గిన్నె పెట్టండి. గ్లవ్స్ వేసుకోవాలి, కిటికీ తీసి ఉండాలి.

ఆపిల్స్‌కి పెద్ద పనేమీ లేదు. ఎనిమిది గ్రానీ స్మిత్ లేదా హనీక్రిస్ప్ తీసుకోండి, మెకింటాష్ అయితే గుజ్జయిపోతుంది. అడుగు చిల్లు పడకుండా మధ్యలో గింజల భాగం తీసి, నడుము చుట్టూ తొక్క మీద సన్నటి గాటు పెట్టండి. గాటు లేకపోతే ఆవిరికి తొక్క పగిలి ఆపిల్ కూలిపోతుంది. ఒక్కోదాంట్లో టేబుల్‌స్పూను తురిమిన బెల్లం, రెండు వాల్‌నట్ పలుకులు, ముక్క వెన్న, చిటికెడు దాల్చినచెక్క. ట్రేలో అర కప్పు నీళ్లు పోసి 180 డిగ్రీల (350 ఫారెన్‌హీట్) దగ్గర 40 నిమిషాలు. ట్రేలో నీళ్లు లేకపోతే కారిన బెల్లం మాడి అంటుకుంటుంది.

ఆ రోజు వరస ఇలా సాగితే తొక్కిసలాట ఉండదు. రెండున్నరకి దుంపల తొక్క తీసి నీళ్లలో వేయండి, అన్నం పెట్టేయండి. మూడున్నరకి ఆపిల్స్ ఓవెన్‌లోకి, నానిన శనగలు ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్లో) 12 నిమిషాలకి. నాలుగింటికి దుంపలు పొయ్యి మీద, నాలుగూ పదికి ఆపిల్స్ తీసి వేడి పెంచండి. నాలుగుంపావుకి క్యాప్సికంలు లోపలికి, పక్క పొయ్యి మీద కేల్. నాలుగున్నరకి మెదపడం, పులిహోర నింపడం, శనగల పోపు. ఐదింటికి వడ్డన. బయల్దేరే ముందు ఓవెన్ ఆపేయండి, సూప్ కాస్త వేడి చేసి ఫ్లాస్కులో పోసి పిల్లల వెంట నడిచే పెద్దవాళ్లకి ఇవ్వండి. మిగిలిన కోల్‌కానన్ రెండు గంటలకి మించి బల్ల మీద ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి.

క్యాండీ సంచి ఖాళీ చేసేటప్పుడు శాకాహారులు చూసుకోవాల్సింది జెలటిన్, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థం. అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్‌లో, మార్ష్‌మాలోల్లో, చాలా రకాల గమ్మీల్లో, క్యాండీ కార్న్‌లో అది ఉంటుంది. స్కిటిల్స్‌లో లేదు. పల్లీ అలర్జీ ఉన్న పిల్లలుంటే నీలిపచ్చ రంగు గుమ్మడికాయ పెట్టిన ఇళ్లకి ముందు తీసుకెళ్లండి. అక్కడ తినేవి కాకుండా స్టిక్కర్లు, చిన్న బొమ్మలు ఇస్తారు. ఫేర్ అనే ఆహార అలర్జీల సంస్థ 2014లో దీన్ని అమెరికా అంతటా మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్న చల్లటి కోల్‌కానన్ టిక్కీల్లా ఒత్తి, పిండిలో దొర్లించి, పెనం మీద వెన్నతో రెండు వైపులా ఎర్రగా కాల్చండి. తిప్పే తొందర పడకూడదు, అడుగు పట్టేవరకు నాలుగు నిమిషాలు కదపకపోతేనే విరగకుండా వస్తుంది. బార్మ్‌బ్రాక్ గట్టిగా చుట్టి ఉంచితే ఐదు రోజులు నిలుస్తుంది, మూడో రోజు నుంచి ముక్క టోస్ట్ చేసి ఉప్పు వెన్న రాస్తే కొత్తదానికంటే బాగుంటుంది. కొబ్బరిపాలు కలపని సూప్ ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంటుంది, అందుకే రెండో రోజుకి మిగలాలనుకుంటే సగం సూప్‌ని కొబ్బరిపాలు పోయకముందే పక్కన తీసిపెట్టుకోండి.